వేడినీళ్ళ లెక్క కూడా రాసిన జడ్జి

2025 జనవరి చివరి వారంలో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వార్త తెగ తిరిగింది: సియాటిల్‌లో ఎవరో జడ్జి స్టే ఇచ్చారట. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకపోతే ఇకమీదట అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం రాదని ట్రంప్ జనవరి 20న ఉత్తర్వు ఇచ్చారు. హెచ్-1బి ఉద్యోగాల్లో ఉన్న దంపతులు కాన్పు తేదీలు లెక్కపెట్టుకుంటున్న రోజులవి. మూడో రోజునే ఒక జిల్లా జడ్జి, అదీ ట్రంప్ పార్టీకే చెందిన అధ్యక్షుడు రేగన్ 1981లో నియమించిన జడ్జి, ఆ ఉత్తర్వును తాత్కాలికంగా ఆపేశారు. వార్త విని సంతోషించిన పెద్దవాళ్ళకు వెంటనే ఒక అనుమానం కూడా వచ్చింది. జిల్లా జడ్జి ఏమిటి, దేశాధ్యక్షుణ్ణి ఆపడం ఏమిటి?

అనుమానం సబబైనదే. మన దేశంలో కోర్టులన్నీ ఒకే మెట్ల వరుస. మున్సిఫ్ కోర్టులో మొదలైన గట్టు తగాదా ఓపిక, డబ్బు ఉంటే సుప్రీంకోర్టు దాకా ఎక్కుతుంది. కేంద్ర చట్టమైనా రాష్ట్ర చట్టమైనా ఎక్కేది ఆ మెట్లే. అమెరికాలో రెండు వరుసలున్నాయి. విడాకులు, ఆస్తి పంపకాలు, హత్య కేసులు చాలావరకు రాష్ట్ర కోర్టుల్లో తేలుతాయి. రాజ్యాంగం, కేంద్ర చట్టాలు, కేంద్ర ప్రభుత్వం మీద దావాలు ఫెడరల్ కోర్టులకు వెళ్తాయి. ఆ ఫెడరల్ వరుసలో మొదటి మెట్టు జిల్లా కోర్టు. దేశం మొత్తమ్మీద అవి 94, జడ్జి పదవులు 670కి పైగా. పేరులో జిల్లా అని ఉంది గాని అది మన జిల్లా కోర్టు కాదు. రాజ్యాంగ హక్కుల పిటిషను నేరుగా వినగలగడంలో మన హైకోర్టుకు దగ్గర. సాక్షిని బోనెక్కించి విచారణ నడపడంలో మన సెషన్స్ కోర్టుకు దగ్గర. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేతిలో ఉండటంలోనే ఉంది కిటుకంతా. దేశమంతటికీ వర్తించేలా స్టేలు ఇచ్చే వెసులుబాటును సుప్రీంకోర్టు 2025 జూన్ 27న బాగా కుదించింది గాని, ఈ మూల స్వరూపం మారలేదు.

ఈ జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. దాపరికం లేకుండా చెప్పాలంటే ఎంపికలో రాజకీయం ఉంటుంది, ఎప్పుడూ ఉంది. కాని కుర్చీలో కూర్చున్నాక ఎవరూ దించలేరు. మన హైకోర్టు జడ్జి 62 ఏళ్ళకు ఇంటికి వెళ్ళాలి. అక్కడ ఆ గీత లేదు, బతికినంత కాలం పదవే. జీతం తగ్గించడానికి వీల్లేదు. తీసెయ్యాలంటే అభిశంసన ఒక్కటే దారి. రెండు శతాబ్దాలు దాటిన చరిత్రలో అలా సెనేట్ తీర్పుతో పదవి పోగొట్టుకున్న ఫెడరల్ జడ్జీలు ఎనిమిది మందే. 65 ఏళ్ళు నిండి, 15 ఏళ్ళ సర్వీసు ఉంటే సీనియర్ హోదా తీసుకుని తక్కువ కేసులు చూసుకుంటూ కొనసాగవచ్చు. చాలామంది అలాగే చివరిదాకా బెంచి మీద ఉంటారు.

రోజువారీ పని మాత్రం పెద్ద ఆర్భాటంగా ఉండదు. మాదకద్రవ్యాల కేసులో నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష, పేటెంటు గొడవ, బీమా కంపెనీ వ్యాజ్యం, జైలు నుంచి ఖైదీ చేత్తో రాసి పంపిన అర్జీ. కొత్తగా లా చదివి వచ్చిన ఇద్దరు ముగ్గురు క్లర్కులు పక్కన ఉంటారు. సివిల్ దావాలు ఎక్కువ భాగం విచారణ దాకా రాకుండానే రాజీ అవుతాయి. పై కోర్టులకూ దీనికీ తేడా ఒకటే, కాని అది చాలా పెద్దది. పై కోర్టు కాగితాలు చదువుతుంది, ట్రయల్ జడ్జి మనుషుల ముఖాలు చూస్తాడు. ఏం జరిగిందో తేల్చేది ఈయనే. చట్టం విషయంలో పై కోర్టు ఎంతైనా విభేదించవచ్చు గాని, ఈయన తేల్చిన వాస్తవాలను స్పష్టమైన తప్పు కనబడితే తప్ప ముట్టుకోదు.

ఇదంతా పుస్తకంలో మాట. కుర్చీలో కూర్చున్న మనిషికి అది ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక జీవితాన్ని దగ్గరగా చూడాలి. అందుకు అలబామా రాష్ట్రం మాంట్‌గొమెరీలో పనిచేసిన ఫ్రాంక్ ఎం. జాన్సన్ జూనియర్‌ను మించినవారు నాకు కనబడరు.

1918లో పుట్టారు. ఊరు ఉత్తర అలబామాలోని హేలీవిల్, కౌంటీ విన్‌స్టన్. అంతర్యుద్ధ కాలంలో అలబామా దేశం నుంచి విడిపోతే, ఆ విడిపోవడం మాకు ఇష్టం లేదని మొండికేసిన కొండ ప్రాంతం అది. తల్లి పేరు కూడా అలబామాయే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో లా చదివి 1943లో పట్టా తీసుకున్నారు. అక్కడ సహాధ్యాయి జార్జ్ వాలెస్, ఈ పేరు గుర్తుంచుకోవాలి. యుద్ధంలో పదాతి దళంలో పనిచేసి నార్మండీలో గాయపడ్డారు. 1952 అధ్యక్ష ఎన్నికల్లో ఐసెన్‌హోవర్ తరఫున అలబామా మాజీ సైనికుల ప్రచారం నడిపారు. గెలిచిన పార్టీ మరిచిపోలేదు. 1953లో ఉత్తర అలబామాకు ఫెడరల్ ప్రాసిక్యూటర్ పదవి, 1955 చివర్లో జిల్లా జడ్జి పదవి దక్కాయి. వయసు 37. సిఫార్సు వాసన ఉన్న నియామకం అనవచ్చు, తప్పు లేదు. మొదటి పదేళ్ళు ఆ జిల్లాకు దాదాపు ఆయనొక్కరే జడ్జి. అంటే మాంట్‌గొమెరీలో ఫెడరల్ కోర్టు తలుపు తట్టిన ప్రతివాడికీ లోపల కనిపించేది ఆయన ముఖమే.

ప్రమాణ స్వీకారం చేసి నెల తిరగకుండా, డిసెంబర్ 1న అదే ఊళ్ళో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాళ్ళకు సీటు ఇవ్వనన్నారు. దాంతో నల్లజాతివాళ్ళు మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగిందని అందరికీ తెలుసు. బస్సుల్లో నల్లవాళ్ళను విడిగా కూర్చోబెట్టే వేర్పాటును అసలు రద్దు చేసింది ఒక దావా అనీ, ఆ దావాలో రోజా పార్క్స్ పేరు లేదనీ తెలిసినవాళ్ళు తక్కువ. న్యాయవాది ఫ్రెడ్ గ్రే నలుగురు మహిళల తరఫున వేశారు. వాళ్ళలో క్లాడెట్ కాల్విన్‌ను 15 ఏళ్ళ వయసులో, పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే బస్సులోంచి పోలీసులు లాక్కెళ్ళారు. రాష్ట్ర చట్టం చెల్లదని వేసే దావాలను అప్పట్లో ముగ్గురు జడ్జీల ధర్మాసనం వినేది, దాని మీద అప్పీలు నేరుగా సుప్రీంకోర్టుకే. 1956 మే 11న సాక్ష్యాలు విన్నారు. మిమ్మల్ని నడిపించిన నాయకుడు ఎవరని నగరం తరఫు వకీలు గుచ్చి గుచ్చి అడిగాడు. బహిష్కరణ నడిపిన మార్టిన్ లూథర్ కింగ్ పేరు చెప్పించాలని అతని ప్రయత్నం. మా నాయకులం మేమేనని కాల్విన్ జవాబిచ్చింది.

విచారణ అయ్యాక ముగ్గురూ గదిలోకి వెళ్ళారు. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. అందరికంటే చిన్న జడ్జి మొదట అభిప్రాయం చెప్పాలి, పెద్దవాళ్ళ మాట విని తల ఊపకుండా ఉండటానికి. చిన్నవాడు జాన్సనే. ప్రభుత్వం విధించే వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని ఆయన చెప్పారు. రెండో జడ్జి రిచర్డ్ రైవ్స్ ఒప్పుకున్నారు, మూడో జడ్జి లిన్ విభేదించారు. పది నిమిషాలు కూడా పట్టలేదంటారు. నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అప్పటికే చనిపోయిన రైవ్స్ గారి కొడుకు సమాధి మీద ఎవరో చెత్త పోశారు. జాన్సన్ ఇంటి ముందు బెదిరింపుగా శిలువ తగలబెట్టారు.

జీవితకాల పదవి అనే మాటలో మనం పొరబడేది ఇక్కడే. ఆ హామీ ఉద్యోగానికే, ప్రాణానికి కాదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మంది వాషింగ్టన్‌లో, పాలరాతి భవనంలో, మందితో కలిసి నిర్ణయిస్తారు. జిల్లా జడ్జి ఆ ఊళ్ళోనే ఉంటాడు. తను ఓడించినవాళ్ళ పక్కనే సరుకులు కొనుక్కుంటాడు. 1967 ఏప్రిల్‌లో ఆయన తల్లి ఇంటి మీద బాంబు వేశారు, అది జడ్జి ఇల్లనుకుని. ఆమెకు గాయాలు కాలేదు. ఏళ్ళ తరబడి ఫెడరల్ మార్షల్స్ ఆయన ఇంటికి కాపలా కాశారు.

ఇక వాలెస్. 1958 చివర్లో ఆయన కూడా జడ్జీయే, రాష్ట్ర సర్క్యూట్ జడ్జి. నల్లజాతీయులను ఓటర్లుగా ఎందుకు నమోదు చేయడం లేదో చూడటానికి కేంద్ర పౌరహక్కుల కమిషన్ రికార్డులు అడిగితే ఇవ్వనన్నారు. ఇవ్వాల్సిందేనని జాన్సన్ ఉత్తర్వు ఇచ్చారు. పాత స్నేహితుడు రాత్రిపూట జాన్సన్ ఇంటికి వచ్చి, శిక్ష వేసినా కాస్త తేలిగ్గా వేయమని బతిమాలాడనీ, ఈయన కుదరదన్నారనీ ప్రసిద్ధమైన కథ. చివరికి వాలెస్ ఏం చేశారంటే, రికార్డులను గ్రాండ్ జ్యూరీలకు (నేరం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందాలకు) అప్పగించి, వాళ్ళ ద్వారా కమిషన్‌కు చేరేలా చూశారు. బయట మాత్రం ఎదురు తిరిగానని చెప్పుకున్నారు. జాన్సన్ జైలుకు పంపితే వాలెస్ రాత్రికి రాత్రి వీరుడయ్యేవాడు. అందుకే ఆయన కోర్టు ధిక్కారం లేదని కొట్టేశారు. అంతటితో వదల్లేదు. ఈ పెద్దమనిషి వంకర దారిలో ఉత్తర్వును పాటించాడు, కాబట్టి ధిక్కారం లేదని తీర్పులో రాసి పెట్టారు. నా లెక్కలో ఆయన వేసిన శిక్షలన్నిటిలోకీ కఠినమైనది ఇదే. 1962 గవర్నర్ ఎన్నికల్లో వాలెస్ ఆయన్ను ఊరూరా అబద్ధాలకోరని తిట్టారు, గెలిచారు కూడా.

వాస్తవాలు తేల్చడం అన్నాను కదా, టస్కీగీ ఉన్న మేకన్ కౌంటీ ఓటరు కేసులో అది ఎలా పనిచేసిందో చూడండి. చట్టంలో ఎక్కడా రంగు మాట లేదు. ఓటరుగా నమోదు కావడానికి అందరికీ ఒకటే పరీక్ష. కాగితం మీద చూస్తే అన్యాయం కనబడదు. జాన్సన్ దరఖాస్తులు తెప్పించి చూశారు. తెల్లవాళ్ళకు తప్పులున్నా నమోదు చేసే అధికారి పక్కన కూర్చుని సాయం చేశాడు. నల్లజాతి వాళ్ళ చేత రాజ్యాంగంలోని పొడవాటి భాగాలు ఎత్తిరాయించారు. టస్కీగీ కళాశాలలో పాఠాలు చెప్పే చదువరులు కూడా తప్పారు. 1961లో ఆయన ఇచ్చిన పరిష్కారం సూటిగా ఉంది: తెల్లవాళ్ళలో అందరికంటే తక్కువ అర్హతతో నమోదైనవాడి స్థాయి ఎంతో, నల్లవాళ్ళకూ అంతే కొలత.

ఓటు హక్కు కోసం 1965లో సెల్మా నుంచి మాంట్‌గొమెరీకి తలపెట్టిన ఊరేగింపు దగ్గరికి వచ్చేసరికి కథ అంత నున్నగా ఉండదు. మార్చి 7, ఆదివారం నాడు సెల్మా వంతెన మీద పోలీసులు దాదాపు 600 మందిని లాఠీలతో, బాష్పవాయువుతో తరిమారు. మర్నాడే ఉద్యమకారులు జాన్సన్ కోర్టుకు వచ్చారు. ఆయన వెంటనే అనుమతి ఇచ్చారనుకుంటాం. ఇవ్వలేదు. సాక్ష్యం వినేదాకా ఊరేగింపు ఆపమన్నారు. మార్చి 9న కింగ్ వంతెన దాకా వెళ్ళి ప్రార్థన చేసి వెనక్కి తిరగడానికి ఆ ఉత్తర్వు ఒక పెద్ద కారణం. 1961లో బస్సుల్లో వేర్పాటును ధిక్కరిస్తూ ప్రయాణించిన ఫ్రీడం రైడర్ల విషయంలోనూ ఇంతే. దాడి చేసిన కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠానూ, చేతులు కట్టుకు నిలబడ్డ పోలీసులనూ నిషేధిస్తూనే, రైడర్లను కూడా కొంతకాలం ఆపారు. ఉద్యమంలో ఉన్నవాళ్ళకు ఇది మింగుడుపడలేదు. ఆయన మాత్రం తనను ఉద్యమ మిత్రుడిగా ఎప్పుడూ అనుకోలేదు.

విచారణలో ఆ ఆదివారం తీసిన చలనచిత్రం కోర్టు హాల్లో వేశారు. అది అయిపోగానే జాన్సన్ తల అడ్డంగా ఊపి, లేచి, విరామం ప్రకటించి లోపలికి వెళ్ళిపోయారు. అనుమతి ఇచ్చే ముందు ఇంకో పని చేశారు. ఉత్తర్వు ఇస్తే అమలు చేస్తారా అని వాషింగ్టన్ నుంచి హామీ అడిగారు. అధ్యక్షుడి పేరూ జాన్సనే, చుట్టరికమేమీ లేదు. జడ్జి దగ్గర సైన్యం ఉండదు, ఖజానా ఉండదు. అమలు కాని ఉత్తర్వు ఇస్తే ఆ తరవాత ఇచ్చే ప్రతి ఉత్తర్వూ పలచబడుతుంది. హామీ వచ్చింది, మార్చి 17న తీర్పు వచ్చింది. జరిగిన అన్యాయం ఎంత పెద్దదో, దాన్ని నిరసించే హక్కు కూడా అంత విస్తారంగా ఉండాలన్నది అందులోని సూత్రం. అన్యాయాన్ని తూచి హక్కును కొలవడం ఏమి పద్ధతని న్యాయశాస్త్ర పండితులు అప్పుడే ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో పస ఉంది. రేపు ఇంకో జడ్జి తనకు గిట్టనివాళ్ళ అన్యాయాన్ని చిన్నదిగా తూచవచ్చు. ఇంత పెద్ద సూత్రం చెప్పిన తీర్పే, రెండు వరసల రోడ్డు ఉన్నంత మేరా 300 మందికి మించి నడవకూడదని కూడా షరతు పెట్టింది. 54 మైళ్ళ నడక మార్చి 25న మాంట్‌గొమెరీలో ముగిసింది. ఆ రాత్రే వయోలా లియుజో అనే మహిళను క్లాన్ సభ్యులు కాల్చి చంపారు. రాష్ట్ర కోర్టులో శిక్ష పడలేదు. డిసెంబర్‌లో జాన్సన్ కోర్టులో, అందరూ తెల్ల మగవాళ్ళే ఉన్న జ్యూరీ, పౌరహక్కుల కుట్ర నేరం కింద ముగ్గుర్ని దోషులని తేల్చింది. ఒక్కొక్కరికి పదేళ్ళు. మరుసటి ఏడాది మొదట్లోనే, ఆడవాళ్ళను జ్యూరీలోకి రానివ్వని అలబామా చట్టం చెల్లదని ఆయన ఉన్న ధర్మాసనం తేల్చింది.

ఇవన్నీ చరిత్ర పుస్తకాలకెక్కిన కేసులు. నాకు మాత్రం ఆయన పని అసలు రుచి తెలిసేది పిచ్చాసుపత్రి కేసులో.

టస్కలూసాలో బ్రైస్ ఆసుపత్రి, అప్పట్లో 5,000 మందికి పైగా రోగులు. సిగరెట్ల పన్ను రాబడి తగ్గి 1970లో దాదాపు 100 మంది సిబ్బందిని తీసేశారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు దావా వేశారు. రోగుల పేరుతో కూడా వేస్తే బలం వస్తుందని రికీ వయట్ అనే 15 ఏళ్ళ కుర్రవాణ్ణి వాదిగా చేర్చారు. అతనూ ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఉద్యోగం పోయినవాళ్ళలో ఒకామెకు మేనల్లుడు. జాన్సన్‌కు ఉద్యోగాల గొడవ మీద ఆసక్తి కలగలేదు. ఆయన దృష్టి కుర్రవాడి మీద పడింది. చికిత్స చేస్తామని చెప్పి మనిషిని బంధించి, చికిత్స చేయకపోతే దాన్నేమంటారు? జైలు అనాలి, అదీ నేరం చేయకుండా. 1971 మార్చిలో, బంధించినవారికి చికిత్స పొందే హక్కు రాజ్యాంగమే ఇచ్చిందని తీర్పు చెప్పి, సర్దుకోవడానికి రాష్ట్రానికి ఆరు నెలలు గడువిచ్చారు. గడువు దాటింది, పెద్దగా ఏమీ జరగలేదు.

ఈలోగా బుద్ధిమాంద్యం ఉన్నవారిని ఉంచే ‘పార్ట్‌లో’ అనే సంస్థ కూడా కేసులోకి వచ్చింది. అక్కడి మరణాలు నాలుగు ఆ సంస్థ మీద వచ్చిన తీర్పు అడుగున ఒక చిన్న నోట్‌లో ఉన్నాయి. వాటిలో ఒకటి: తోటి రోగి గొట్టంతో ఒళ్ళు కాలేంత వేడినీళ్ళు పోయగా ఒకరు చనిపోయారు. కాపలాకు మనుషుల్లేక రోగుల చేతే రోగులకు పని చేయించేవారు, నీళ్ళెంత వేడిగా ఉన్నాయో చూసే నాథుడు లేడు. జాన్సన్ ముందు 30 రోజుల్లో 300 మంది సహాయకులను నియమించమన్నారు. తరవాత 1972 ఏప్రిల్ 13న ప్రమాణాల జాబితా వచ్చింది. గదికి ఆరుగురికి మించకూడదు. మనిషికి 80 చదరపు అడుగులు. ఎనిమిది మందికి ఒక మరుగుదొడ్డి, పదిహేను మందికి ఒక షవరు. కుళాయి దగ్గర వేడినీళ్ళు 110 డిగ్రీల ఫారన్‌హీట్, గిన్నెలు కడిగే యంత్రంలో 180.

జడ్జి ప్లంబరా, ఇంజనీరా అని వెక్కిరించినవాళ్ళున్నారు. ఆ నోట్ చదివినవాడు 110 అనే అంకెను చూసి నవ్వలేడు. పైగా అవి ఆయన బుర్రలో పుట్టిన అంకెలు కావు. నిపుణులు సాక్ష్యం చెప్పారు, చాలా అంశాలను ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. డబ్బు లేదని రాష్ట్రం అన్న మాటను ఆయన వినలేదు. మన దగ్గర కోర్టులో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అంటారు, డిక్రీ చేతికొచ్చాక అమలుకు ఇంకో దావా నడపాలి కాబట్టి. కేసు మూసెయ్యకుండా, అమలును జడ్జే ఏళ్ళ తరబడి చూసుకునే పద్ధతిని మన సుప్రీంకోర్టు తరవాతి కాలంలో కంటిన్యూయింగ్ మాండమస్ పేరుతో చేపట్టింది. జాన్సన్ చేసింది అదే తరహా పని.

జైళ్ళ విషయంలో అంత నెగ్గుకు రాలేదు. 1976 జనవరిలో అలబామా జైళ్ళకూ ఇలాగే ప్రమాణాలు రాశారు. తన బడ్జెట్‌లో ఇమిడే హక్కులను మాత్రమే పౌరులకు ఇస్తాననే స్వేచ్ఛ రాష్ట్రానికి లేదన్న వాక్యం అందులోనిదే. అప్పటికి వాలెస్ మళ్ళీ గవర్నరు. ఖైదీలకు హోటలు కట్టమంటున్నాడని ఎద్దేవా చేశారు. అప్పీలు కోర్టు ఉత్తర్వులో కొన్ని భాగాలు కత్తిరించింది, పర్యవేక్షణకు ఆయన వేసిన కమిటీని రద్దు చేసింది. 2020లో కేంద్ర న్యాయశాఖ అవే జైళ్ళ మీద మళ్ళీ దావా వేయాల్సి వచ్చింది. ఒక జడ్జి చేతికి అందేది ఎంతో, అందనిది ఎంతో ఇక్కడ తెలుస్తుంది.

మిగతా జీవితం త్వరగా చెప్పుకోవచ్చు. 1975లో ఒక్కగానొక్క దత్తపుత్రుడు ఆత్మహత్య చేసుకున్నాడు. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఆయన్ను ఎఫ్‌బీఐ అధిపతిగా ఎంచుకున్నారు, రక్తనాళం ఉబ్బు బయటపడి శస్త్రచికిత్స కావడంతో ఆయన తప్పుకున్నారు. 1979లో అప్పీలు కోర్టుకు వెళ్ళారు. 1992లో మాంట్‌గొమెరీ కోర్టు భవనానికి ఆయన పేరు పెట్టారు. 1999లో కన్నుమూశారు.

ఆయన ఖాళీ చేసిన జిల్లా జడ్జి కుర్చీలోకి 1980లో మైరన్ థాంప్సన్ వచ్చారు. నల్లజాతీయుడు, వయసు 33, పుట్టింది టస్కీగీలో. ఆ ఊరి ఓటరు జాబితా తలుపులు జాన్సన్ తెరిపించేనాటికి ఆయన బడికి వెళ్ళే పిల్లవాడు. జాన్సన్ వదిలి వెళ్ళిన ఫైళ్ళలో రికీ వయట్ కేసు కూడా ఉంది. దాని అమలును థాంప్సన్ ఇరవై ఏళ్ళకు పైగా చూసుకుంటూ వచ్చి, 2003 డిసెంబర్‌లో ఇక చాలని మూసేశారు. దావా వేసి అప్పటికి 33 ఏళ్ళు.